కార్తీకంలో మామగారి రీలు

అక్టోబర్ 25, శనివారం

ఈ డైరీ జనవరిలో ఎవరో వెండర్ ఇచ్చాడు. ఇన్నాళ్లూ వైఫై డబ్బా కింద ఎత్తుకు పనికొచ్చింది. ఇవాళ బయటికి లాగాను. ఈ సంగతి ఎవరికీ చెప్పడానికి లేదు, చెప్పకుండా ఉండడమూ నా వల్ల కాదు.

మామగారు ఫోన్ చేశారు. నాకు.

భీమేశ్వరరావుగారు కాకినాడ పోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అనంతపురం అబ్బాయిని చేసుకుంటానని ఉదయశ్రీ చెప్పినప్పుడు ఆయన తిట్టలేదు, అడ్డుపడలేదు. పెళ్లికి వచ్చి అక్షింతలు వేసి, భోంచేసి, వెళ్లి కూతురితో మాటలు మానేశారు. ఉదయ కూడా తండ్రికి తగ్గ కూతురే. అత్తగారు పుణ్యవతిగారు రోజూ సాయంత్రం ఫోన్ చేస్తారు. వెనక నుంచి ఆయన గొంతు వినిపిస్తుంది: "జ్వరం తగ్గిందేమో అడుగు." ఇటు నుంచి ఉదయ: "తగ్గిందని చెప్పమ్మా." స్పీకర్ ఆన్‌లోనే ఉంటుంది. అయినా అత్తగారు ప్రతి మాటా రెండువైపులా మళ్లీ చెబుతారు. పెళ్లయిన ఆరేళ్లుగా ఇదే పద్ధతి.

ఇక నేను. వాళ్ల వీధిలో ఎవరి అల్లుడొచ్చినా ఆయన "అల్లుడుగారూ, ఎప్పుడొచ్చారండి" అని పలకరిస్తారు. నన్ను మాత్రం "శివశంకర్ గారు" అంటారు, బ్యాంకు కౌంటరులో పిలిచినట్టు. ఉదయకు చెబితే నవ్వుతుంది. నాకు నవ్వు రాదు.

ఫోన్‌లో అన్నారు: "శివశంకర్ గారండీ, రీలు బ్రేకు పట్టేసిందండి. కార్తీకం కదా, నీచు ముట్టం, వేటకెళ్లం. నెలంతా ఖాళీయే. మీ ఇంటికి పంపితే పనవుద్ది కదా అని పార్సిల్ వేస్తున్నానండి. కార్తీకం వెళ్లిన ఆదివారానికి బోటు మాట్లాడుకున్నాం."

రీలంటే ఆయన సముద్రంలో గాలం వేసే రీలు. ఆ ఇంట్లో టీవీ కంటే, ఫ్రిజ్ కంటే, నా కంటే విలువైనది.

"తప్పకుండానండి, నేను చూసుకుంటా" అన్నాను.

"అమ్మాయికి..." అని ఆగారు.

"ఏం చెప్పమంటారండి?"

"ఏం లేదండి. ఉంటానండి."

ఇది పరీక్ష. ఇంతకాలానికి పెట్టారు. రీలు బాగుచేసి పంపితే ఆ ఆదివారం ఆయన నోటి నుంచి "అల్లుడుగారూ" అన్న మాట వినొచ్చు. ఉదయకు మాత్రం చెప్పను. వంటింటి కుళాయి నేను బాగుచేశాక కింది ఫ్లాటువాళ్లు గొడుగు వేసుకుని వచ్చారని ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

అక్టోబర్ 27, సోమవారం

మియాపూర్‌లో బస్సు పార్సిల్ తీసుకుని నేరుగా ఆఫీసుకు తెచ్చాను. పాత తువ్వాలులో చుట్టిన రీలు. ఒక పెద్ద డబ్బా నిండా గొట్టం కాజాలు. ఒక చిన్న ప్లాస్టిక్ కవరులో వంకర తిప్పిన తలపిన్ను, గోళ్ల రంగు సీసా, నీలం గుడ్డముక్క. ఇవి సర్దేటప్పుడు అత్తగారి డ్రాయరులోంచి జారిపడి ఉంటాయి.

గోళ్ల రంగు సీసా మా టీమ్‌లో లావణ్య మూత తీసి చూసింది. "ఏంది సార్ గిది, రంగు లేదు, ఏం లేదు, జిడ్డుగున్నది."

"పాతబడింది" అన్నాను.

కాజాలు ఇంటికి తీసుకెళితే ఎక్కడివని ఉదయ అడుగుతుంది. టీమ్‌కు పంచేశాను. లావణ్య నాలుగు తిని, నెలకోసారి మీ మామగారికి ఏదో ఒకటి ఖరాబైతే బాగుండు అంది. గుడ్డముక్క మెత్తగా ఉంది, కళ్లజోడు తుడుచుకోవడానికి ఉంచుకున్నాను. పిన్ను చొక్కా జేబులో వేసుకున్నాను, ఫోన్‌లో సిమ్ మార్చడానికి బాగుంటుంది.

అక్టోబర్ 28

వీడియోలు చూశాను. చాలా సులువు.

చేప లాగినప్పుడు రీలు దారాన్ని కొద్దికొద్దిగా వదలాలి. అసలు వదలకపోతే దారం తెగుతుంది. ఊరికే వదిలేస్తే చేప దారమంతా పట్టుకుపోతుంది. ఈ రెండింటికీ మధ్య ఆపేదే బ్రేకు. వీడియోలో దాన్ని డ్రాగ్ అంటున్నారు. దారం చుట్టిన స్పూలు లోపల బిళ్లలుంటాయి: ఒక లోహపు బిళ్ల, దాని మీద నల్లటి గుడ్డలాంటి బిళ్ల, మళ్లీ లోహం, మళ్లీ నలుపు. పైనున్న మర తిప్పితే అవి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. ఉప్పునీళ్లు చేరితే పట్టేస్తాయి. విప్పి, కడిగి, ఆరబెట్టి, గ్రీజు పలచగా రాసి, పేర్చాలి.

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనులు నమోదు చేసుకునే ట్రాకర్‌లో ఒక టికెట్ తెరిచాను. ప్రాధాన్యం: అత్యధికం. ఫిర్యాదుదారు: మామగారు. బాధ్యుడు: నేను. ఇలా రాసుకోగానే సగం పని అయిపోయినట్టు అనిపించింది.

అక్టోబర్ 30, గురువారం

ఆఫీసులో 'కృష్ణ' అనే మీటింగ్ రూమ్ గంటసేపు బుక్ చేశాను. విషయం దగ్గర ఏదో ఒకటి రాయాలి కాబట్టి 'డ్రాగ్ రివ్యూ' అని రాశాను. దాంతో టీమ్ మొత్తానికీ పిలుపు వెళ్లిపోయిందని గమనించలేదు.

స్పూలు పైకి తీశాను. బిళ్లలు జారిపోకుండా ఒక సన్నటి తీగ రింగు బిగించి ఉంది. దాన్ని పెన్ను మొనతో ఎత్తుతుండగా మా మేనేజరు రామ్మోహనరావుగారు ల్యాప్‌టాప్‌తో లోపలికొచ్చి కూర్చున్నారు. అదే క్షణంలో రింగు టింగుమని ఎగిరింది. ఎటు పోయిందో ఇద్దరం చూడలేదు.

ఆయన బల్ల మీది సామాను చూశారు. కాసేపు ఆలోచించారు. "ఇది ఏ రిలీజ్‌కు శివా?" అన్నారు.

"కార్తీకం తర్వాతదానికి సార్."

"డిసెంబరా? మంచిది. రిస్కులు ముందే చెప్పు" అని నోట్ చేసుకుని వెళ్లిపోయారు.

లావణ్య, నేను కార్పెట్ మీద మోకాళ్ల మీద పాకాం. రింగు దొరకలేదు. ఈలోగా ఏసీ గాలికి టిష్యూ పేపరు లేచి దాని మీద పేర్చిన బిళ్లలు కింద పడ్డాయి. ఏది పైది, ఏది కిందిది అనేది ఇప్పుడు నా విచక్షణకు వదిలిన అంశం. ఫొటో తీసి ఉండాల్సింది. వీడియోలో ఆయన మొదట చెప్పింది అదే.

అక్టోబర్ 31

రింగు దొరికింది. వైట్ బోర్డు మీది అయస్కాంతానికి అతుక్కుని ఉంది, మా ఆర్కిటెక్చర్ బొమ్మలో డేటాబేస్ దగ్గర. నిన్నటి నుంచి నాలుగు మీటింగులు దాని ముందే జరిగాయట. అది ఏ సర్వరు అని ఎవరూ అడగలేదు.

నవంబర్ 1, శనివారం

ఉదయ కూరగాయలకు వెళ్లినప్పుడు బాల్కనీలో పని పూర్తి చేశాను. బిళ్లలు కడిగాను. ఉప్పు పొరలు పొరలుగా వచ్చింది. వీడియోలో చూపించిన గ్రీజు తెప్పిస్తే డబ్బా ఇంటికొస్తుంది, ఉదయ విప్పుతుంది, కథ అక్కడితో అయిపోతుంది. కార్తీకమాసం, దీపాల కోసం ఇంట్లో ఐదు లీటర్ల నువ్వుల నూనె ఉంది. జిడ్డు జిడ్డే కదా. గిన్నెలో పోసి బిళ్లలన్నీ అందులో నానబెట్టాను. గట్టిగా పట్టేసిన బ్రేకు ఇప్పుడు వేలితో తాకితే తిరుగుతోంది.

ఇంత తేలిక పనికి మనుషులు వీడియోలు ఎందుకు చేస్తారో.

నవంబర్ 2, ఆదివారం

మామగారు మళ్లీ ఫోన్ చేశారు. పెళ్లయ్యాక రెండోసారి, అదీ వారం తిరిగేసరికి.

"రీలు విప్పారాండి?"

"విప్పేశానండి."

"ఎవరండీ, విప్పింది?"

"నేనేనండి."

అటు కుర్చీ జరిపిన చప్పుడు.

"అమ్మాయి ఊళ్లో లేదాండి?"

"ఉందండి. తనకు తెలియనివ్వడం లేదు. అయిపోయాక ఒకేసారి చూపిస్తాను."

"ఆయ్" అన్నారు. తర్వాత, "కాజాలు ఎలా ఉన్నాయందండి?"

"చాలా బాగున్నాయందండి."

"తిందా?"

"ఆరు తిందండి."

"ఆరా" అన్నారు. గొంతు ఎందుకో మారింది. "మీ అత్తగారు పాకం ముదిరిందేమో అని ఒకటే గొడవండి. ఆరు తిందంటే బాగున్నట్టే." అంతే, పెట్టేశారు.

నా పనితనానికి ఆయన ఆశ్చర్యపోయారు. స్పష్టంగా తెలుస్తోంది. కాజాల గురించి ఇంత పట్టింపు ఉంటుందని మాత్రం అనుకోలేదు.

నవంబర్ 5, కార్తీక పౌర్ణమి

బాల్కనీలో ఒత్తులు వెలిగించబోతూ ఉదయ నూనె క్యాను ఎత్తి చూసింది. "నిండుగా ఉండాలే ఇది."

"ఈ ఏడు ఒత్తులు ఎక్కువ తాగుతున్నట్టున్నాయి" అన్నాను.

"ఇంకా వెలిగించందే?"

చంద్రుడు చాలా బాగున్నాడని చెప్పాను.

నవంబర్ 8, శనివారం

పరీక్షించకుండా పంపడం మా వృత్తికే అవమానం. చేప లేదు కాబట్టి కుక్కను మాట్లాడుకున్నాను. పక్క ఫ్లాటు భాస్కర్ లాబ్రడార్, పేరు బ్రూనో. కుక్కకు దారం కట్టడం పాపం, అందుకని దాని బంతికి కట్టాం. గాలం కర్ర లేదు. ఇల్లు తుడిచే మాప్ కర్రకు రీలును టేపుతో బిగించాను. సెల్లార్‌లో నేను కర్ర పట్టుకుని నిలబడ్డాను. భాస్కర్ బంతి విసిరాడు.

బ్రూనో బంతి నోట కరుచుకుని పరుగు తీసింది. రీలు నుంచి చప్పుడే రాలేదు. బ్రేకన్నది ఒకటి ఉన్నట్టు కూడా తెలియకుండా దారం వెళ్తూనే ఉంది. మర బిగించాను. వెళ్తూనే ఉంది. ఇంకా బిగించాను. కుక్క మూడు స్తంభాలు చుట్టి, అసోసియేషన్ సెక్రటరీ స్కూటర్ కిందుగా దూరి, గేటు దాటి బొటానికల్ గార్డెన్ వైపు వెళ్లిపోయింది. వేళ్ల మీద నువ్వుల నూనె కారింది.

"ఏంది అన్నా, బ్రేక్ ఏసినవా లేదా?" అన్నాడు భాస్కర్ కుక్క వెనక పరుగెత్తుతూ.

"వేశా."

"గట్లయితే నీ చేప బంగాళాఖాతం దాటిపోయింది. ఇగ ఫికర్ చేయకు."

స్తంభాలకు చుట్టుకున్న దారం కోసి తీసేసరికి సాయంత్రమైంది. ఈ కర్పూరం వాసన ఎక్కడిదని సెక్రటరీ అడిగాడు. నూనె డబ్బాలో ఉదయ కర్పూరం కలుపుతుందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

నవంబర్ 9

నూనె రాయకూడదు. వీడియోలో నాలుగో నిమిషం దగ్గర ఆయన ఈ మాటే అంటారు. అక్కడ నేను ముందుకు జరిపినట్టున్నాను.

నవంబర్ 11

బిళ్లల్ని గిన్నెల సబ్బుతో కడిగి, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టాను. ఇప్పుడు చుక్క నూనె లేదు. ఎండిన అప్పడాల్లా ఉన్నాయి. మర శక్తికొద్దీ బిగించి, అలాగే బ్యాగులో పెట్టాను. సమస్య మూలం దొరికింది, టికెట్ మూసేశాను.

నవంబర్ 15, శనివారం

టికెట్ మళ్లీ తెరిచాను.

నాలుగు రోజులు బిగించి ఉంచడంతో బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుపోయినట్టున్నాయి. బ్రూనో బంతి పట్టుకుని పరుగు లంకించుకుంది. ఈసారి దారం వెంట్రుకవాసి కూడా వదల్లేదు. మాప్ కర్ర ముందు ధనుస్సులా వంగింది, తర్వాత విరిగింది. నేను ముందుకు పడ్డాను. బ్రూనో వెనక్కొచ్చి నా మొహం నాకింది.

"అన్నా, జర సీదా అడుగుతున్నా" అన్నాడు భాస్కర్ నన్ను లేపుతూ. "నీకు చేపలు పట్టుడు వచ్చా?"

"రాదు."

"తింటవా?"

"ముళ్లంటే భయం."

"మరి గిదంత ఎందుకు?"

అతనికి చెప్పేశాను, అల్లుడుగారు అన్న మాట గురించి. భాస్కర్ నవ్వలేదు. "మా మామ నన్ను ఇప్పటికీ 'తమ్మీ' అంటడు, కూరగాయలోడిని పిలిచినట్టు" అన్నాడు. ఇద్దరం మెట్ల మీద కాసేపు కూర్చున్నాం.

నవంబర్ 16, ఆదివారం

మాప్ ఏమైందని ఉదయ అడిగింది. తుడుస్తుంటే విరిగిందన్నాను.

"నువ్వు తుడిచావా?"

"ఊ."

ఆమె కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "శివా, నిజం చెప్పు. ఉద్యోగం పోయిందా?"

మా బ్లాకులోనే ఒకాయన ఉద్యోగం పోయాక రెండు నెలలు రోజూ బ్యాగు తగిలించుకుని మాల్‌లో కూర్చుని వచ్చాడు. భార్యకు జీతం పడని రోజున తెలిసింది.

"లేదు."

"మరి ఆ బ్యాగు నన్ను ముట్టుకోనివ్వవు. చేతులు జిడ్డు. శనివారం సెల్లార్‌లో గంటలు గంటలు. నువ్వు ఇల్లు తుడిచావంటే నేను నమ్మాలా? పోతే పోయిందని చెప్పు. ఇద్దరం చూసుకుందాం. దాచకు అంతే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు చాలా సిగ్గేసింది. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ బ్రేకు పట్టేసి ఉంది, వచ్చే ఆదివారమే బోటు, మామగారికి ఏం చెప్పాలో తెలియదు. ఈ స్థితిలో చెబితే రెండుసార్లు ఓడినట్టు.

"వచ్చే ఆదివారం అన్నీ చెబుతా" అన్నాను. అది ఆమెకు ఎలా వినపడి ఉంటుందో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

నవంబర్ 17

ఉదయ మాట్లాడడం లేదు. సాయంత్రం ఫోన్‌లో మాత్రం "అల్లుడు బాగున్నాడా" అని అత్తగారడిగితే "ఆయన్నే అడుగమ్మా" అంది. ఇది వంశంలోనే ఉంది.

నవంబర్ 19, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద వాషింగ్ మెషీన్‌లో వేయబోయిన నా చొక్కా, దాని పక్కన ఆ వంకర తలపిన్ను ఉన్నాయి. ఉదయ పిన్నునే చూస్తూ కూర్చుంది.

నేను కంగారుపడ్డాను. ఎవరూ ఏమీ అడక్కుండానే "అది లావణ్యది కాదు" అన్నాను.

"లావణ్యది కాదని నాకు తెలుసు" అంది ఉదయ. "నాది."

నాకు అర్థం కాలేదు.

"ఈ వంపు నేను తిప్పిందే. మొన దగ్గర చూడు, సుత్తితో కొట్టి చదును చేశాను. ఇది కాకినాడలో మేడ మీద గూట్లో ఉండాలి. నీ జేబులోకి ఎలా వచ్చింది?"

చెప్పాను. మామగారి ఫోన్ నుంచి మాప్ కర్ర దాకా. బ్యాగులోంచి రీలు తీసి ముందు పెట్టాను. దాన్ని రెండు చేతులతో తీసుకుని మర తిప్పి చూసింది. తిరగలేదు.

"తొమ్మిదో తరగతి నుంచి ప్రతి కార్తీకం దీన్ని నేనే విప్పేదాన్ని" అంది. "నాన్నగారి వేళ్లు లావు. ఆ రింగు తీయబోతే ఎగిరిపోద్ది. ఈ పిన్నుతో అయితే మెల్లగా వస్తుంది. వేట ఉండదు కదా, నెలలో ఒక ఆదివారం మేడ మీద చాప వేసుకుని కూర్చునేవాళ్లం. నేను విప్పి కడిగేదాన్ని, ఆయన పక్కన కూర్చుని అది తప్పు, ఇది తప్పు అనేవారు. పెళ్లయ్యాక ఎవరు విప్పుతారు? అందుకే పట్టేసింది."

"ఆరేళ్లూ ఎవరిచేతా చేయించలేదా?"

"రీలు చూడు. చేయించినట్టుందా?" అని, "కవరులో ఇంకేమైనా ఉన్నాయా?" అంది.

"గోళ్ల రంగు సీసా. నీలం గుడ్డ."

"సీసాలో ఏముంది?"

"ఏదో జిడ్డు."

ఉదయ మొహం మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే ఏడుస్తోంది.

"అది గ్రీజు, శివా. ఆ మూతకున్న కుంచెతోనే పూస్తాను. నేను వచ్చేటప్పుడు సీసా ఖాళీ. ఆయనే మళ్లీ నింపి పంపారు. ఆ గుడ్డ నా స్కూలు పావడాది." ముక్కు తుడుచుకుంది. "నీకు పంపినవి కావవి."

నిజమే. అది నా పరీక్ష కాదు. ఆయన "అమ్మాయికి" అని మొదలుపెట్టి ఆపేసిన మాట నెల రోజులుగా నా బ్యాగులో ఉంది. నేను దాన్ని దీపాల నూనెలో నానబెట్టాను.

నవంబర్ 20, గురువారం. కార్తీకం ఆఖరు

ఆఫీసు డ్రాయరులోంచి సీసా తెచ్చాను. గుడ్డతో నెల రోజులు కళ్లజోడు తుడిచానని చెప్పలేదు.

ఉదయ బాల్కనీలో చాప వేసింది. పిన్నును రింగు కింద పెట్టి రెండో చేతి బొటనవేలు అడ్డుపెట్టింది. రింగు చిన్నపిల్లలా ఆమె చేతిలోకి వచ్చి కూర్చుంది. బిళ్లలు విడదీసి, వాసన చూసి, నా వైపు చూసింది. నేను తులసి కుండీ చూశాను.

"కర్పూరం కూడానా?"

"అది నువ్వే కలిపావు."

చెవులున్న బిళ్లలు ఏవి, గాడిలో కూర్చునేవి ఏవి, వేలితో తడిమే చెప్పేస్తోంది. కడిగి, గుడ్డతో ఒత్తి, ఆరబెట్టాక కుంచె పట్టుకుని ఆగిపోయింది.

"ఎంత రాయాలో మర్చిపోయాను" అంది.

మర్చిపోలేదు. ఇందాకే నాకు చెప్పింది, వేలికి అంటీ అంటనట్టు ఉండాలని. ఆమె ఫోన్ తీసుకుని నంబరు నొక్కింది. అత్తగారి నంబరు కాదు.

"నాన్నగారూ."

అటు నుంచి గొంతు సవరించుకున్న చప్పుడు.

"గ్రీజు ఎంత రాయమంటారు?"

"పలచగా, అమ్మలూ" అన్నారాయన. ఎవరూ మధ్యలో మళ్లీ చెప్పలేదు. "మరీ ఎక్కువైతే జారిపోద్ది. నల్లబిళ్లకి రెండువైపులా. ఆ అడుగుది మర్చిపోతావు నువ్వు, ప్రతిసారీ."

"ఎప్పుడు మర్చిపోయాను? ఒక్కసారి."

"రెండుసార్లు. ఇంటర్ రెండో సంవత్సరం కూడా."

"అది మీరు తొందర పెట్టబట్టి."

ఫోను స్పీకర్‌లో పెట్టి చాప మీద ఉంచింది. గ్రీజు ఆరిపోతుందేమో అనిపించేంతసేపు మాట్లాడుకున్నారు. గ్రీజు గురించే. మర ఎంత బిగించాలి, పెట్టెలో పెట్టేముందు ఎంత వదులు చేయాలి, ఉప్పునీళ్ల నుంచి వచ్చాక మంచినీళ్లు గట్టిగా కొట్టకుండా చిలకరించాలి. ఆరేళ్ల సంగతి ఇద్దరూ ఎత్తలేదు. అత్తగారు వెనక నుంచి "ఏమంటుందండీ అమ్మాయి" అని అడుగుతూనే ఉన్నారు. ఆయన "ఉండవే" అన్నారు.

అంతా సవ్యంగా సాగుతుండగా ఆయన అడిగారు: "ఈసారి కాజాలు ఎలా ఉన్నాయమ్మా? ఆరు తిన్నావంట."

"ఏ కాజాలు?" అంది ఉదయ.

ఉదయ నా వైపు తిరిగింది. అక్కడ కాకినాడలో ఆయన కూడా నా వైపే తిరిగి ఉంటారు.

నవంబర్ 21

రీలు బస్సులో వేశాం. పార్సిల్ ఉదయే కట్టింది. నన్ను కత్తెర పట్టుకోమంది.

నవంబర్ 23, ఆదివారం

ఉదయం కాఫీ తాగుతుంటే ఉదయ ఫోన్ మోగింది. గాలి హోరు, ఇంజను చప్పుడు.

"అమ్మలూ, పడింది. పండుగప్పలా ఉంది. విను" అన్నారు మామగారు. ఫోన్‌ను రీలు దగ్గర పెట్టినట్టున్నారు. గిర్రుమని చప్పుడు వినిపించింది. ఒక్క కుదుపు లేదు, ఆగింది లేదు, చేప లాగినకొద్దీ సన్నగా, ఒకే తీరున. ఉదయ కప్పు కింద పెట్టి కళ్లు మూసుకుని విన్నది. నేనూ విన్నాను. సెల్లార్‌లో నాకు రెండుసార్లు వినపడనిది ఇదన్నమాట.

తర్వాత ఎవరో "రావుగారూ, కర్ర పట్టుకోండి" అని అరిచారు. గందరగోళం.

"పోయింది" అన్నారాయన. "ఒక చేత్తో ఫోను పట్టుకుంటే ఆగుద్దా? పోతే పోనియ్. బ్రేకు బెమ్మాండంగా ఉందమ్మా."

ఉదయ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. వచ్చే వారం కాకినాడ వస్తున్నామని చెప్పింది. ఆ సంగతి నాకు కూడా అప్పుడే తెలిసింది.

"పక్కనున్నారా?" అన్నారాయన. "అల్లుడుగారికియ్యి."

ఫోన్ అందుకున్నాను. ఆరేళ్లు ఎదురుచూసిన మాట కదా, జవాబుగా ఏమనాలో ఎన్నోసార్లు అనుకుని పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"చెప్పండి మామగారూ."

"అల్లుడుగారండీ" అన్నారు ఎంతో మర్యాదగా. "ఇంక ఎప్పుడూ దాన్ని ముట్టుకోకండేం."

"అలాగేనండి" అన్నాను.